తల ప్రాణం తోకకొచ్చే పని: సాల్మన్ ఫ్లైల మీద మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో జాక్ స్కాట్ అనే పాతకాలపు సాల్మన్ ఫ్లై ఫోటో వేసి కింద రెండు ముక్కలు రాశానో లేదో, మెయిళ్ళు వచ్చిపడ్డాయి. సగం మంది "అబ్బ ఎంత బాగుందో" అన్నారు, మిగతా సగం "మాకూ కట్టడం నేర్పండి" అన్నారు, ఒకాయన మాత్రం "ఇది నగా, ఎరా?" అని అడిగాడు. ఎరేనండీ. ఫ్లై అంటే గాలం మీద ఈకలు, పట్టుదారం, జరీ, జంతువుల బొచ్చు కట్టి చేసే ఎర, వానపాము లేదు, పిండి ముద్ద లేదు. అట్లాంటిక్ సాల్మన్ కోసం బ్రిటన్, ఐర్లండ్ వాళ్ళు 19వ శతాబ్దంలో కట్టిన రంగురంగుల వాటినే ఇప్పుడు క్లాసిక్ అంటున్నాం. అమెరికా, కెనడా పడమటి తీరంలో స్టీల్‌హెడ్ కోసం కట్టేవి వాటికి తమ్ముళ్ళు, సాదాగా ఉంటాయి కానీ చేప దగ్గర పని బాగానే చేస్తాయి. స్టీల్‌హెడ్ అంటే వేరే చేపేం కాదు, సముద్రంలోకి వెళ్ళి పెరిగి మళ్ళీ నదికి తిరిగొచ్చే రెయిన్‌బో ట్రౌటే.

వచ్చిన వాటిలో కొన్ని ఏరి జవాబులు రాస్తున్నా.

ప్రశ్న: నేను పోర్ట్‌ల్యాండ్‌లో ఉంటానండీ. మా ఆఫీసులో రిటైర్ అయిన ఒకాయన తను కట్టిన జాక్ స్కాట్ ఫ్రేమ్ చూపించాడు, అప్పట్నుంచి నిద్ర పట్టట్లేదు. కావాల్సిన సామాను లిస్టు రాసుకుంటే ముప్పై దాటింది. ముందు ఏవి కొనాలి?

ముందు ఆ లిస్టు మడిచి డ్రాయర్లో పెట్టండి. నిజంగా చెప్తున్నా, ఏడాది దాకా దాన్ని తీయకండి.

జాక్ స్కాట్‌లో ఏమేం ఉంటాయో ఒక్కసారి చూడండి. వెండి జరీ, పసుపు పట్టు, నల్ల పట్టు, గోల్డెన్ ఫెజెంట్ తలమీద జుట్టు ఈక, నిప్పుకోడి పోగు, టూకాన్ గొంతు ఈకలు, నల్ల హ్యాకిల్ (కోడిపుంజు మెడ ఈక), గినీకోడి ఈక, రెక్కలో అడుగున తెల్ల కొసల నల్ల టర్కీ ఈక, దాని మీద పసుపు ఎరుపు నీలం రంగులేసిన హంస ఈక పోగులు, బట్టమేక పిట్ట ఈక, నెమలి ఈక, టీల్ బాతు, మల్లార్డ్ బాతు, పక్కన అడవికోడి మెడ ఈక, దాని మీద నీలి చాటరర్, కొమ్ముల్లాగా రెండు మకావ్ పోగులు. చదువుతుంటేనే ఆయాసం వస్తోంది కదా, ఇవన్నీ రెండంగుళాలు కూడా లేని గాలం కాడ మీద పట్టాలి, పైగా పట్టినట్టు కనపడకూడదు.

విశేషం ఏంటంటే ఇంత హంగామా ఉన్న ఫ్లైకి పేరొచ్చింది దొర నుంచి కాదు. లార్డ్ జాన్ స్కాట్ దగ్గర పనిచేసిన జాక్ స్కాట్ అనే మనిషి 1845-50 ప్రాంతంలో దీన్ని కట్టాడు, ఆ పనివాడి పేరే నిలిచిపోయింది. నాకు ఈ ఫ్లై అంటే ఇష్టం ఉండటానికి సగం కారణం అదే.

మీరు ఓరెగాన్‌లో ఉన్నారు కాబట్టి మీ పెరట్లో ఉన్న ఫ్లైతోనే మొదలుపెట్టండి, గ్రీన్ బట్ స్కంక్. నార్త్ అంప్క్వా నది మీద తిరిగే వాళ్ళ ఏ పెట్టె తెరిచినా ఇది ఉంటుంది. నంబర్ 2 లేదా 4 సైజు నల్ల సాల్మన్ గాలం తీసుకోండి, కన్ను, అంటే దారం దూర్చే రంధ్రం, పైకి వంగి ఉండేది. తోకకి ఎర్ర హ్యాకిల్ పోగులు ఒక చిటికెడు. దాని ముందు చిలకపచ్చ రంగులో రెండు మూడు చుట్లు. తర్వాత నల్ల షెనీల్ బాడీ, షెనీల్ అంటే బొచ్చు బొచ్చుగా ఉండే తాడు లాంటిది, కింద మీరు చేసిన తప్పులన్నీ కప్పేస్తుంది పాపం. దాని మీద వెండి జరీ నాలుగైదు చుట్లు, మధ్యలో ఖాళీలు సమానంగా. గొంతు దగ్గర నల్ల హ్యాకిల్ రెండు మూడు చుట్లు చుట్టి కిందకి వంచాలి. రెక్కకి తెల్ల బొచ్చు, దూడ తోకదైనా జింక తోకదైనా సరే, తోక కొస దాటకూడదు. అయిపోయింది.

ఇలాంటివి పన్నెండు కట్టండి. ఒకటి కట్టి బాగుందని ఫోటో తీసి ఆగిపోతే నేర్చుకున్నట్టు కాదు. పన్నెండూ వరసగా ఒక అట్ట మీద గుచ్చి దూరం నుంచి చూడండి, ఒకదాని రెక్క పొడుగు, ఒకదాని తోక లావు, ఒకదాని జరీ చుట్లు ముందుకొచ్చేసరికి ఇరుకు, అన్నీ కళ్ళకి కొట్టొచ్చినట్టు కనపడతాయి. పన్నెండూ అన్నదమ్ముల్లా కనపడే రోజు వచ్చిందా, అప్పుడు రస్టీ రాట్ కట్టండి, ఆ తర్వాత బ్లూ చార్మ్, ఆ తర్వాత స్కాట్లండ్ స్పే నది పద్ధతిలో కట్టే స్పే ఫ్లై లేడీ కారొలైన్. ఈ నాలుగు మెట్లలో జాక్ స్కాట్‌కి కావాల్సిన చేతిపని ముప్పావు వంతు వచ్చేస్తుంది, ఖర్చు మాత్రం పావు వంతు కూడా కాదు.

ప్రశ్న: సియాటెల్ నుంచి రాస్తున్నా. బాడీ, రెక్క అన్నీ కుదురుతున్నాయి కానీ చివరికి తల, అదే కన్ను దగ్గర దారం ముగిసే చోటు, మిరియం గింజంత లావు అవుతోంది. మీ ఫోటోలో తల అసలు ఉందా లేదా అన్నట్టుంది. ఎలా?

ఇదిగో ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నా, ఎందుకంటే ఈ కళ మొత్తానికి గుట్టు ఇక్కడే ఉంది. మీ సమస్య తల దగ్గర లేదండీ, తోక దగ్గర ఉంది. తల ప్రాణం తోకకి రావడం అంటారు కదా, ఇక్కడ తోక పాపం తలకి చుట్టుకుంటుంది.

ఎలాగో చెప్తా. తోక కట్టేటప్పుడు జారిపోతుందేమో అని భయపడి దారం ఎనిమిది చుట్లు చుట్టారనుకోండి. నిజానికి మూడు చాలు. జరీ కట్టడానికి ఇంకో ఆరు, పట్టు కట్టడానికి ఇంకో ఆరు. ఒక్కో చోట పోగైన ఎత్తుని సమం చెయ్యడానికి మీరు పక్కన ఇంకో పొర చుడతారు, అలా కాడ అంతా లావెక్కుతూ ముందుకొస్తుంది. తల దగ్గరకి వచ్చేసరికి రెక్క కూర్చోవడానికి చదునైన చోటు ఉండదు, ఒక గట్టు ఉంటుంది. ఆ గట్టు మీద రెక్క నిలబడదు, పక్కకి తిరుగుతుంది, దాన్ని లొంగదీయడానికి ఇంకో పదిహేను చుట్లు. మిరియం గింజ తయారు.

కాబట్టి లెక్క పెట్టండి. నేను ఇప్పటికీ నోట్లో గొణుక్కుంటూ లెక్క పెడతా, ఇంట్లో వాళ్ళు ఏదో మంత్రం చదువుతున్నా అనుకుంటారు. ఒక వస్తువు కట్టడానికి మూడు చుట్లు, గట్టిగా, పక్కపక్కన. ఆ తర్వాత ఇంకో వస్తువు కట్టేటప్పుడు ముందు వేసిన చుట్లలో ఒకటో రెండో విప్పేయండి, కొత్త చుట్టే రెండింటినీ పట్టుకుంటుంది. విప్పితే ఊడిపోతుందని భయం వద్దు, ఊడదు.

ఇంకో సంగతి, దారం మెలి. బాబిన్‌లోంచి, అంటే దారం ఉండ పట్టుకునే పనిముట్టులోంచి, వచ్చే దారం చుట్టేకొద్దీ మెలి పడి గుండ్రంగా తాడులా అవుతుంది, అది ఎత్తు పెంచుతుంది. మధ్యమధ్యలో బాబిన్‌ని వేలాడదీసి మెలికి ఎదురుగా తిప్పండి, దారం రిబ్బనులా చదునుగా పరుచుకుంటుంది. ఎక్కడైనా గట్టిగా కరిచి పట్టాలంటే మాత్రం మెలి ఉంచుకోండి.

కొసలు కత్తిరించడం గురించి కూడా. తోక ఈక కాడ, జరీ కొస, పట్టు కొస అన్నీ ఒకే చోట కత్తిరిస్తే అక్కడ మెట్టు పడుతుంది. ఒకదాని తర్వాత ఒకటి మెట్లు మెట్లుగా వేర్వేరు చోట్ల ముగిసేలా కత్తిరించండి, లేదా అన్నింటినీ బాడీ పొడుగునా కాడ కింద పడుకోబెట్టి తీసుకురండి, అప్పుడు బాడీ అదే సన్నగా, సమంగా వస్తుంది. బాడీ కూడా కన్ను దాకా లాక్కురాకండి. రెక్కకి, గొంతుకి, తలకి చోటు వదిలి ముందే ఆగిపోవాలి. ఈ "ముందే ఆగడం" చెప్పినంత తేలిక కాదు, నాకు ఒక చలికాలం మొత్తం పట్టింది. నా మొదటి బ్లూ చార్మ్‌లో చోటు చాలక రెక్క కన్నులోకే కట్టేశా, తర్వాత లీడర్ (ఫ్లైకి కట్టే సన్నటి దారం) దూర్చడానికి సూదితో పొడిచి పొడిచి రంధ్రం చేస్తే రెక్క ఊడి ఒళ్ళో పడింది. ఆ గాలం ఇంకా దాచుకున్నా.

ప్రశ్న: పట్టు బాడీ చుడితే మొదట్లో బాగుంటుంది, కాసేపటికి నూగు నూగుగా లేచిపోతోంది. పసుపు పట్టయితే మురికిగా కూడా అవుతోంది. ఏదైనా మంచి కంపెనీది కొనాలా? (కాల్గరీ)

కంపెనీ తప్పు కాదు, వేళ్ళ తప్పు. పట్టు ఫ్లాస్ అంటే మెలి లేని సన్నని పోగుల కట్ట, చర్మం మీద ఎక్కడ గరుకు ఉంటే అక్కడ తగులుకుంటుంది. కట్టే ముందు చేతులు సబ్బుతో కడిగి, గోళ్ళ పక్కన లేచిన చర్మం ప్యూమిస్ రాయితో రుద్దుకోండి. కొంతమంది పలచటి తెల్ల కాటన్ గ్లవ్స్ వేసుకుంటారు, నాకు అవి వేసుకుంటే దారం ఎక్కడుందో తెలీదు, అందుకే బాడీ చుట్టేటప్పుడు మాత్రం ఒక చేతికి వేసుకుంటా.

పసుపుకి ఇంకో తిరకాసు ఉంది. పట్టు తడిస్తే పారదర్శకంగా అయిపోతుంది. కింద నల్ల దారం ఉంటే నీళ్ళలో పడగానే మీ బంగారు పసుపు కాస్తా మురికి గుంట రంగులోకి మారుతుంది. అందుకే పసుపు, నారింజ లాంటి లేత రంగుల కింద తెల్ల దారమే వాడాలి, నల్లది తల దగ్గరకొచ్చాక మార్చుకోవచ్చు. చుట్టడం అయ్యాక నున్నటి గుండ్రటి లోహపు కాడతో మెల్లగా రుద్దితే పోగులు సర్దుకుని అద్దంలా మెరుస్తుంది.

ప్రశ్న: వాంకూవర్ నుంచి. రెక్క కోసం మూడు రంగుల ఈక పోగులు కలిపి ఒకే ఈకలా చెయ్యాలంటారు కదా, మ్యారీడ్ వింగ్. నాకు అది అస్సలు కలవట్లేదు, కలిసినా గాలం మీద పెట్టగానే విడిపోతోంది. పెళ్ళి చేసిన గంటకే విడాకులు. సాయం చెయ్యండి.

నవ్వించారు. ముందు పెళ్ళి ఎలా కుదురుతుందో చూద్దాం. పెద్దబాతు ఈక ఒకటి తీసి వేలితో పోగుల్ని విడదీసి మళ్ళీ దువ్వండి, ఏం జరగనట్టు అతుక్కుంటాయి. ప్రతి పోగు అంచునా కంటికి కనపడని చిన్న చిన్న కొక్కేలు ఉంటాయి, జిప్పు లాగా పక్క పోగుని పట్టుకుంటాయి. పక్షి రోజూ ముక్కుతో దువ్వుకునేది ఈ జిప్పు సరిచేసుకోడానికే. మనం చేసేది కూడా అదే, కాకపోతే వేర్వేరు ఈకల మధ్య.

ఇప్పుడు తొంభై శాతం మంది ఎక్కడ తప్పు చేస్తారో చెప్తా: ఎడమ, కుడి. ప్రతి పోగుకీ ఒక వంపు ఉంటుంది, పక్షి ఎడమ రెక్క ఈక పోగుల వంపు ఒకవైపు, కుడి రెక్కవి ఇంకోవైపు. ఎడమది ఎడమతోనే కలుస్తుంది. ఎర్రది ఎడమ ఈక నుంచి, నీలంది కుడి ఈక నుంచి తీస్తే బ్రహ్మదేవుడు వచ్చినా కలపలేడు. అందుకే రంగులేసిన ఈకలు జతలుగా కొనాలి. కొన్న వెంటనే ఎడమవి ఒక కవర్లో, కుడివి ఇంకో కవర్లో పెట్టి పేరు రాసేయండి, బల్ల మీద కలిసిపోయాయంటే ఒక సాయంత్రం వృథా.

కత్తెరతో ఎర్రవి మూడు పోగులు తీయండి, ఈనె దగ్గరగా, చిన్న ముక్క ఈనె అంటుకుని ఉండేలా. పసుపువి మూడు, నీలంవి మూడు. కొసలు ఒకే వరసలో ఉండేలా ఒకదాని పక్కన ఒకటి ఆనించండి. చూపుడువేలు, బొటనవేలు మధ్య పెట్టుకుని మొదలు నుంచి కొసకి ఒక్కసారి మెల్లగా, ముద్దుచేసినట్టు దువ్వండి. లాగొద్దు. మొదటిసారి అతుక్కోకపోతే కొంచెం వెనక్కి దువ్వి మళ్ళీ ముందుకి. అతుక్కున్న క్షణం వేలికి తెలుస్తుంది, పోగులు జారడం ఆగిపోయి ఒకే రేకులా అనిపిస్తుంది. మొదటిసారి ఆ స్పర్శ తెలిసిన రోజు నేను అర్ధరాత్రి ఒంటిగంటకి ఇంట్లో అందర్నీ లేపా, ఎవరూ సంతోషించలేదు.

మొదట్లో అన్నీ బాతు లేదా టర్కీ ఈకలతోనే చెయ్యండి, అవి గుణవంతులు, త్వరగా కలుస్తాయి. బ్రాంజ్ మల్లార్డ్ (మల్లార్డ్ బాతు గోధుమరంగు ఈక) మాత్రం అలిగే రకం, చూస్తే విడిపోతుంది, దాన్ని చివర్లో పెట్టుకోండి.

ఇక గాలం మీద పెట్టగానే విడిపోవడం. అది కట్టే పద్ధతిలో తేడా. దారం పక్క నుంచి లాగితే పోగులన్నీ ఒకవైపు దొర్లుతాయి. రెక్కని ఎడమ చేతి వేళ్ళ మధ్య కాడ మీద గట్టిగా నొక్కి పట్టుకోండి, దారాన్ని రెక్క మీదుగా వదులుగా ఒక ఉచ్చులా తీసుకెళ్ళి, వేళ్ళు ఏ మాత్రం కదల్చకుండా నిటారుగా కిందకి లాగండి. పోగులు పేక ముక్కల్లా ఒకదాని మీద ఒకటి కిందకి కూర్చుంటాయి, పక్కకి మడత పడవు. ఇంకో రెండు చుట్లు అలాగే వేసేదాకా వేళ్ళు తీయొద్దు, "ఎలా వచ్చిందో చూద్దాం" అని తొంగి చూడాలనిపిస్తుంది, చూశారో పోయింది. కింద ఆ గట్టు లేకుండా చదునుగా ఉండాలన్నది సియాటెల్ ఆయనకి చెప్పింది మీకు కూడా.

ప్రశ్న: నేను లండన్‌లో ఉంటా. పాత రెసిపీల్లో ఇండియన్ క్రో, బ్లూ చాటరర్ అని రాసి ఉంటాయి. అసలు ఈకలు దొరుకుతాయా? దొరికితే కొనొచ్చా? ఇండియన్ క్రో అంటే మన కాకేనా?

మన కాకి కాదండీ. ఇండియన్ క్రో పేరుకే ఇండియన్, ఉండేది దక్షిణ అమెరికాలో, నల్లటి ఒళ్ళు, గొంతు దగ్గర ఎర్రటి, నారింజ రంగు ఈకలు. బ్లూ చాటరర్ కూడా అక్కడి కొటింగా జాతి పక్షే, నీలం అంటే ఇలా ఉండాలి అనిపించే నీలం. విక్టోరియా రాణి కాలంలో లేడీస్ టోపీల కోసం ప్రపంచం నలుమూలల నుంచి పక్షి తోళ్ళు ఓడల్లో లండన్ చేరేవి, ఫ్లై కట్టేవాళ్ళు అందుబాటులో ఉన్నదల్లా వాడేశారు. జార్జ్ కెల్సన్ 1895లో వేసిన పుస్తకం చూస్తే ఏ పక్షి ఏ రంగు ఈక ఎక్కడ పెట్టాలో శాస్త్రంలా రాసేసి, అది తప్పితే మహాపాపం అన్నంత బిల్డప్ ఉంటుంది.

మన దేశపు పక్షి వేరే ఉంది ఇందులో. జంగిల్ కాక్ అని ప్రతి రెసిపీలో కనపడేది దక్షిణ భారతంలో ఉండే బూడిదరంగు అడవికోడి. దాని మెడ ఈక కొస దగ్గర మైనం రాసిన గోరులా తెల్లగా, పసుపుగా మెరిసే మచ్చ ఉంటుంది, ఫ్లై పక్కన పెడితే చేప కన్నులా కనపడుతుంది. మన అడవిలో దాన్ని పట్టడం చట్టప్రకారం నేరం, ఇప్పుడు అమ్మేవి విదేశాల్లో ఫారాల్లో పెంచిన పక్షులవి. ఖరీదెక్కువ, అందుకని ప్లాస్టిక్ నకిలీలు కూడా వచ్చాయి, చేపలకి వాడే ఫ్లైకి అవి చాలు.

అసలు ఈకల సంగతికి వస్తే, నా అభిప్రాయం సూటిగా చెప్తా: వద్దు. ఈ పిచ్చి ఎంత దూరం వెళ్తుందో 2009 జూన్‌లో చూశాం. మీ లండన్‌కి కొంచెం దూరంలో ఉన్న ట్రింగ్ మ్యూజియంలో రాత్రిపూట కిటికీ పగలగొట్టి ఒక సంగీత విద్యార్థి 299 పక్షి చర్మాలు ఎత్తుకెళ్ళాడు, ఇండియన్ క్రో, చాటరర్, క్వెట్జల్ అన్నీ. కొన్ని నూటయాభై ఏళ్ళ కిందట శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ సేకరించినవి. ఎప్పుడు, ఎక్కడ పట్టారో రాసిన చీటీలు తెంపేశాడు, చీటీ పోయిన చర్మం శాస్త్రానికి పనికిరాదు. ఆ ఈకలు కొన్నది ఎవరు? మనలాంటి ఫ్లై కట్టేవాళ్ళే. నాకు ఇప్పటికీ ఆ విషయం తలుచుకుంటే చేతులు ముడుచుకుపోతాయి.

బదులు ఏముందంటారా, బోలెడు. ఇండియన్ క్రో బదులు రంగేసిన గోల్డెన్ ఫెజెంట్ ఈకలు, చాటరర్ బదులు నీలం రంగేసిన చిన్న కోడి ఈకలు, హంస బదులు పెద్దబాతు, బట్టమేక బదులు మచ్చల టర్కీ. బాగా కట్టిన నకిలీని ఫ్రేమ్‌లో పెడితే అసలుకీ దానికీ తేడా చెప్పగలిగేవాళ్ళు చాలా తక్కువ మంది. పాత ఇంటి అటక మీద దొరికిన స్టఫ్ చేసిన పక్షి ఈకలని ఎవరైనా అమ్మజూపినా కాగితాలు అడగండి, కాగితాలు లేకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి. అమెరికాలో ఉన్న వాళ్ళయితే ఇంకా జాగ్రత్త, 1918 నాటి వలస పక్షుల చట్టం కింద నారాయణ పక్షి ఈక నేల మీద దొరికినా దాచుకోకూడదు. స్పే ఫ్లైలకి పాత రెసిపీల్లో ఆ ఈకే ఉంటుంది, దాని బదులు బ్లూ ఇయర్డ్ ఫెజెంట్ ఈక, లేదా కోడిపుంజు తోక మొదట్లో ఉండే పొడవాటి మెత్తటి ష్లాపెన్ వాడతారు.

ప్రశ్న: పాత ఫ్లైలకి లోహపు కన్ను లేదు, ఏదో దారం ఉచ్చు ఉంది. నేనూ అలాగే కట్టాలా?

అది గట్. పట్టుపురుగు లోపల పట్టు తయారయ్యే గ్రంథిని లాగి సాగదీసి ఎండబెట్టి చేసేవాళ్ళు, స్పెయిన్‌లో ముర్సియా ప్రాంతం దీనికి పేరు. రెండు మూడు పోగులు నీళ్ళలో నానబెట్టి మెలేసి ఉచ్చులా మడిచి, కన్ను లేని గాలం కింద దారంతో కట్టేవాళ్ళు. ఫ్రేమ్‌కి కట్టేటప్పుడు అందంగానే ఉంటుంది, కానీ నదిలోకి మాత్రం తీసుకెళ్ళకండి, పాత గట్ ఎండి పుచ్చిపోయి ఉంటుంది, చేప లాగిన మొదటి లాగుకే టప్‌మంటుంది. మొదటి ఏడాది కన్ను ఉన్న గాలాలే వాడండి.

ప్రశ్న: ఒక్క మాట అడుగుతా, కోప్పడొద్దు. ఇన్ని రంగులు, ఇన్ని ఈకలు, చేపకి నిజంగా తేడా తెలుస్తుందా?

తెలీదు. కోపం ఎందుకండీ, అందరికీ వచ్చే అనుమానమే.

అట్లాంటిక్ సాల్మన్ గుడ్లు పెట్టడానికి నదిలోకి వచ్చాక తిండి మానేస్తుంది. ఆకలి లేని చేపకి ఎర వెయ్యడమే ఈ ఆట, అది ఎందుకు నోరు తెరుస్తుందో, కోపమో, చిన్నప్పటి అలవాటో, ఎవరికి తోచింది వాళ్ళు చెప్తారు. కెల్సన్ కాలంలో సీతాకోకచిలకల్ని చూసి మోసపోతుందని కూడా నమ్మారు, అందుకే అన్ని రంగులు. చేప చూసేది ముఖ్యంగా సైజు, నీళ్ళలో ఫ్లై కదిలే తీరు, ఎంత లోతులో ఈదుతోంది, వెలుతురుకి ముదురా లేతా. తొమ్మిది రంగుల రెక్క మనకోసం.

అందుకే స్టీల్‌హెడ్ వాళ్ళ ఫ్లైలు నాకు ఎక్కువ నచ్చుతాయి, అవి రెండు లోకాలకీ మధ్య ఉంటాయి. వాషింగ్టన్‌లో ఫోర్క్స్ అనే చిన్న ఊళ్ళో ఒకప్పుడు ఉన్న సిడ్ గ్లాసో, స్కాట్లండ్ స్పే నది ఫ్లైల పద్ధతి తీసుకొచ్చి ఒలింపిక్ పెనిన్సులా నదుల చలికాలపు స్టీల్‌హెడ్‌కి కట్టాడు. ఆయన సోల్ డక్ చూడండి, ఆ పేరు కూడా అక్కడి నదిదే. నిప్పు రంగు నారింజ పట్టు, పొడవాటి పసుపు హ్యాకిల్, రెక్కకి నాలుగు నారింజ హ్యాకిల్ కొసలు, ముఖ్యమైన సామాను ఇంతే, కానీ తల చూస్తే ఆవగింజంత కూడా ఉండదు, రెక్క బాడీని ఆనుకుని పడవ బోర్లించినట్టు పడుకుంటుంది. నీళ్ళలో ఆ పొడవాటి పోగులు ఊపిరి తీసినట్టు కదులుతాయి. ఫ్రేమ్‌లో పెట్టినా తగును, చేప ముందు వేసినా తగును.

అన్నట్టు, పడమటి తీరంలో కట్టిన ఫ్లైతో నదికి వెళ్తే చాలా చోట్ల గాలం ముల్లు నొక్కేసి ఉండాలి, వెన్ను మీద తోకకి దగ్గరగా ఉండే చిన్న రెక్క కత్తిరించకుండా ఉందంటే అది హేచరీలో పెంచింది కాదు, నదిలోనే పుట్టిన అడవి చేప, చాలా నదుల్లో వదిలేయాలి. ఏ నదికి ఏ నియమమో వెళ్ళేముందు చూసుకోండి, ఏటేటా మారుతుంటాయి.

ప్రశ్న: ఎడింబరో నుంచి. మా ఆయన ఈ హాబీ మొదలుపెట్టి ఆరు నెలలు. ఇల్లంతా ఈకలు, అది ఎలాగో భరిస్తున్నా. ఇప్పుడు నా ఉన్ని శాలువాకి చిల్లులు పడ్డాయి, ఈకల వల్లే అని నా అనుమానం, ఆయన ఒప్పుకోవట్లేదు. మీరే తీర్పు చెప్పండి.

అమ్మా, ఈ కేసులో మీ ఆయన తరఫున వాదించలేను. చిమ్మటలు ఈకల్నీ ఉన్నినీ ఒకే ఇష్టంతో తింటాయి, చర్మాల్లో అయితే ఇంకో రకం పేడపురుగు లాంటి చిన్న పురుగు కూడా చేరుతుంది. నేను ఒకసారి తొందరపడి ఒక మనిషి దగ్గర పాత గోల్డెన్ ఫెజెంట్ తోలు చవగ్గా కొని, నేరుగా నా పెట్టెలో మిగతా వాటి పక్కన పెట్టేశా. మూడు నెలల తర్వాత పెట్టె తెరిస్తే అడుగున ఇసుక లాంటి పొడి, ఈకలకి ఈనెలు మాత్రం మిగిలాయి. ఏడుపు ఒక్కటే తక్కువ.

ఆయనకి ఇలా చెప్పండి. కొత్తగా ఏ ఈక, ఏ తోలు ఇంట్లోకి వచ్చినా గాలి చొరబడని కవర్లో పెట్టి రెండు వారాలు డీప్ ఫ్రీజర్లో పెట్టాలి, బయటకి తీసి ఒకటి రెండు రోజులు మామూలు వేడిలో ఉంచి మళ్ళీ ఫ్రీజర్లో. మొదటిసారి చావని గుడ్లు బయట వేడికి పొదిగితే రెండోసారి పోతాయి. ఆ తర్వాతే పెట్టెలోకి. ఒక్కో రకం ఒక్కో జిప్ కవర్లో, ఒకదానికి పురుగు పట్టినా మిగతావి బతుకుతాయి. ఇప్పటికే ఇంట్లో ఉన్నవాటికి కూడా ఇదే, అన్నీ ఒకేసారి. మీ శాలువా కూడా ఆ వరసలో ఫ్రీజర్లో పెట్టించండి, నష్టపరిహారం సంగతి మీరూ మీరూ చూసుకోండి.

కవర్ల మీద పెద్ద అక్షరాలతో "ఈకలు" అని రాయమని మాత్రం చెప్పడం మర్చిపోకండి. మా ఇంటికి వచ్చిన చుట్టాలావిడ వంటకని ఫ్రీజర్లోంచి కోడి అనుకుని తీసి నీళ్ళలో నానేసింది, తీరా చూస్తే అది నా గినీకోడి తోలు, ఈకలతో సహా.